మహాదేవి సాలు

పిల్లలను నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి చదివించాలని ఆ ఏడు దసరా సెలవులు కాగానే మాకు ఎమ్మిగనూరులో శిక్షణ ఇచ్చారు. పాఠాన్ని నాలుగు వంతులు చేయాలి. ఒక్కొక్క వంతు ఒక్కొక్కరికి ఇవ్వాలి. తన వంతు తాను నేర్చుకొని తక్కిన ముగ్గురికీ నేర్పాలి. ఉపాధ్యాయుడు పక్కన ఉండాలి తప్ప నడుమ ఉండకూడదు. నాకీ పద్ధతి మీద నమ్మకం గాని అపనమ్మకం గాని కలగలేదు. ఆ రోజుల్లో నాకు దేని మీదా ఏదీ కలగడం లేదు.

వానాకాలం మధ్యలో నా భార్య విశ్వాసమ్మ పోయింది. అప్పటినుంచి ఇంట్లో నేనూ, మా అమ్మాయి జ్ఞానమణీ ఇద్దరమే. తుంగభద్ర వైపు నల్లరేగడి చేల మధ్య ఉన్న ఆ ఊళ్లో నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. జ్ఞానమణి అదే బడిలో పదో తరగతి. పొద్దున ఇద్దరం ఒకే దారిన బడికి పోయేవాళ్లం, సాయంత్రం ఒకే దారిన వచ్చేవాళ్లం. దారిలో మాట్లాడుకునేవాళ్లం కాము. ఇంటికి రాగానే నేను ముందుగదిలో పుస్తకాల మధ్య కూర్చుంటే, ఆమె వెనకగదిలో కూర్చునేది. విశ్వాసమ్మ ఉన్నప్పుడు అన్నం ముందు ప్రార్థన ఆమె చెప్పేది. ఇప్పుడు కంచాల ముందు తల వంచుకొని, ఆ ప్రార్థన పట్టేంతసేపు ఊరికే కూర్చొని, తరువాత తినేవాళ్లం. అలా చేద్దామని మాలో ఎవరూ అనలేదు.

పదో తరగతికి వ్యాకరణం చెప్పవలసి ఉంది. శిక్షణలో చెప్పినట్టే నాలుగు వంతులు చేశాను: సంధులు, సమాసాలు, ఛందస్సు, అలంకారాలు. జ్ఞానమణి పడ్డ జట్టులో మరి ముగ్గురు ఉన్నారు. వీరేష్ ఊరి చివర చక్రాలకు పంచరు వేసేవాడి కొడుకు. ఫర్హానా తల్లి బీబమ్మ బస్సులు ఆగేచోట బొరుగుల బండి పెట్టుకుంటుంది. మూడో పిల్ల మహాదేవి. ఆమె తల్లిదండ్రులు అయ్యన్న, సుంకులమ్మ పక్క పల్లెలో ఉంటూ కూలికి పోతారు.

"సంధులు నేను పట్టుకుంటా సార్," అన్నాడు వీరేష్. "అతుకులేసేది మా ఇంట్లో పనే."

"సమాసాలు నాకేంటికి సార్?" అంది ఫర్హానా. "ఇద్దరిని కలిపేది, మళ్ల ఇడదీసి ఎవరు యాడ ఉన్నారో చెప్పేది. మా చిన్నమ్మ పెండ్లి పంచాయితి లెక్క ఉండాది."

"అట్లయితే నీకే తగింది. నీకి అలవాటు గద," అంది మహాదేవి.

ఛందస్సు ఎవరికీ వద్దు. మహాదేవి కాసేపు పుస్తకం తిరగేసి, గురువుకు యు గుర్తు, లఘువుకు నిలువుగీత ఉన్న పేజీ చూసి, "ఇది నాకియ్యండి సార్. బొమ్మలు ఉన్నాయి," అంది. మిగిలిన అలంకారాలు జ్ఞానమణికి వచ్చాయి. ఆమె తల ఊపింది.

పక్కన ఉండమన్నారు కనుక నేను వరండాలో కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. మహాదేవి ఛందస్సును చేతుల్లోకి దించుకుంది. గురువు వస్తే అరచెయ్యి తొడ మీద చరిచేది, లఘువు వస్తే వేలితో బండను తట్టేది. ఆమె పద్యపాదం చదువుతుంటే ముగ్గురూ చరిచేవాళ్లు. ఎవరిదైనా తప్పితే ఆపి, మళ్లీ మొదటికి పోయేది. "ఏయ్ వీరేషూ, సున్న ఉంటే గురువురా. ముందర యనక చూసుకోకుండా చరుస్తాండావు, దోమల్ని కొడ్తాండావా?" అనేది. ఆ తరువాత మా అమ్మాయి వంతు వచ్చేది. ఉపమకూ రూపకానికీ తేడా ఆమె తక్కువ మాటల్లో చెప్పేది. ఇంట్లో వినబడని ఆ గొంతు నాకు కిటికీలోంచి వినబడేది. వినేవాణ్ణి. అంతకుమించి నాలో ఏమీ జరిగేది కాదు.

సంక్రాంతి దాటగానే ఊరు సుగ్గికి లేచింది. మావైపు సుగ్గి అంటే కోతలకు వలసపోవడం. ఇక్కడ పత్తి ఏరడం అయిపోగానే ఇంటికి బీగం వేసి, చాపా గిన్నెలూ బియ్యమూ మూట కట్టుకొని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. ఏటా తరగతిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. మహాదేవి నా దగ్గరికి వచ్చి నిలబడ్డప్పుడు ఆమె వెనక అయ్యన్న కూడా ఉన్నాడు.

"సుగ్గికి పోతాండాము సార్," అంది.

"పరీక్షలు మార్చిలో ఉన్నాయి అయ్యన్నా," అన్నాను. "పిల్లను వదిలిపెట్టి పోండి."

"ఎవరి దగ్గర ఇడుస్తును సార్? ఇంటికి బీగం ఏస్తాండాము. చిన్నపిల్ల అయితే ఎవరో ఒకరి పంచలో పండుకుంటాది. ఎదిగిన పిల్ల." అయ్యన్న టవలు భుజం మార్చుకున్నాడు. "పరీచ్చల ముందర నేనే తెచ్చి ఇడిసిపోతా. నా మాట నమ్ము."

"వస్తా సార్," అంది మహాదేవి. తరువాత తన జట్టు వైపు తిరిగి, "నేను వచ్చేదాంక నా సాలు ఎవరూ ముట్టొద్దండి," అంది. ముగ్గురూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్విందో లేదో నేను గమనించలేదు.

ఫిబ్రవరి చివర, పబ్లిక్ పరీక్షకు ముందు బడిలో పెట్టే పరీక్ష జరిగింది. జవాబు పత్రాలు ఇంటికి తెచ్చి దిద్దుతున్నాను. వీరేష్ పత్రంలో ఛందస్సు ప్రశ్న దగ్గర సంఖ్య వేసి, కింద స్థలం వదిలి ఉంది. ఫర్హానా పత్రంలోనూ అంతే. అడుగున ఉన్న జ్ఞానమణి పత్రం తీసి చూశాను. అక్కడా సంఖ్య, దాని కింద తెల్లకాగితం. ముగ్గురూ తక్కినవన్నీ చక్కగా రాశారు. చూచి రాసిన పిల్లలు ఒకే తప్పు రాస్తారు గాని, ఒకేచోట వదిలిపెట్టరు.

మరునాడు ముగ్గురినీ వరండాలోకి పిలిచి పత్రాలు ముందు పెట్టాను.

"ఏమిటిది?"

వీరేష్ కాళ్లు చూసుకున్నాడు. మా అమ్మాయి గోడ చూసింది. ఫర్హానాయే నోరు తెరిచింది.

"అది మహాదేవి సాలు గద సార్."

"అంటే?"

"అంటే..." ఆ పిల్లకు అంత తేలిక విషయం ఎలా చెప్పాలో తోచలేదు. "మీరు ఎప్పుడూ పత్తి ఏరలేదా సార్?"

"లేదు."

"ముఠాలో ఒక్కొక్కరికి ఒక సాలు ఉంటాది సార్. బిడ్డకి పాలియ్యనీకి పోయినా, నీళ్లకి పోయినా, జరమొచ్చి పండుకున్నా ఆయమ్మ సాలు అట్లనే ఇడిసిపెడ్తారు. పక్క సాలోళ్లు చెయ్యి పెట్టరు. ముందరికి పోతారు గాని దాన్ని ముట్టరు. ఆయమ్మ వచ్చి యనకనుంచి పట్టుకుంటాది."

"ఎవరైనా ముడితే?"

"ముడితే నువ్వు రావొద్దని చెప్పినట్ల సార్," అన్నాడు వీరేష్. "పోయినేడు మా పెద్దమ్మ సాలు అట్లనే పట్టినారు. ఆయమ్మ వచ్చి చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చేసింది. మళ్ల ఆ ముఠాకి పోలే."

ఇది చేను కాదని చెప్పాను. పరీక్షలో ఎవరి పత్రం వారిదేనని, ఛందస్సు నేనే చెబుతానని అన్నాను. ఆ వారమంతా చెప్పాను కూడా. నల్లబల్ల మీద గణాలు రాసి, ఉత్పలమాల పాదం విడగొట్టి చూపాను. తక్కిన జట్లు రాసుకున్నాయి. ఆ ముగ్గురు మర్యాదగా విన్నారు, కలం మూత తీయలేదు. ప్రధానోపాధ్యాయుడు పత్రాలు చూసి, "ముగ్గురూ మంచి మార్కులు తెచ్చే పిల్లలు లేవిగారూ. అందులో మీ అమ్మాయి ఒకతె. ఇదేం మొండితనమండీ?" అన్నారు. నాకు తెలియదన్నాను.

మార్చి మొదలయింది. అయ్యన్న రాలేదు. హాల్ టికెట్లు వచ్చాయి. మహాదేవిది నా బల్ల సొరుగులో ఉంది. ఫోను చేస్తే అయ్యన్న ఎత్తి, "ఇడిసేటట్ల లేరు సార్, చూస్తాం," అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆమె రాకపోతే ఆ ఏడు పరీక్ష పోతుంది. పదో తరగతి తప్పిన ఆడపిల్ల సుగ్గి నుంచి బడికి తిరిగి రావడం ఆ ఊళ్లో నేను చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక కంచాలు తీస్తూ జ్ఞానమణి నా ఎదుట ఆగింది.

"నాయనా, పోయి పిల్చుకోని రా."

"ఎవరిని?"

"మహాదేవిని."

"నేను ఛందస్సు చెప్పాను కదమ్మా. మీరు నేర్చుకోవచ్చు."

"మేము నేర్చుకుంటే ఇంక ఆమె రాకున్నా అయితాది గద," అంది. "అందుకే నేర్చుకోలే."

కొన్ని నెలలుగా నాతో ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు. నేను ఇల్లు దాటి పెద్దగా పోయేవాణ్ణి కాదు. ప్రయాణం, కొత్త మనుషులు, అడిగి తెలుసుకోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు. కానీ పోకపోవడానికి తగిన కారణం ఏదీ దొరకలేదు. అందువల్ల పోయాను. జ్ఞానమణిని బీబమ్మ ఇంట్లో ఉండమని చెప్పి, వాళ్ల ముఠా ఎక్కడ దిగిందో అడిగి తెలుసుకొని, కర్నూలు మీదుగా రెండు బస్సులు మారి, మూడోది ఎక్కి, ఆటోలో చేల దాకా పోయాను.

మిరపచేను దూరం నుంచే తెలిసింది. గాలి మారగానే తుమ్ములు వచ్చాయి. గట్టున నీలం పట్టాలతో గుడిసెలు వేసి ఉన్నాయి. చేనులో ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకొని, నడుముకు ఒడి కట్టుకొని, వరుసగా నడుం వంచి కోస్తున్నారు. ఎవరు ఎవరో తెలియలేదు. ఒక గుడ్డ కిందినుంచి "సార్!" అని వినిపించింది. మహాదేవి నిటారుగా నిలబడింది. చేతులు ఎర్రగా పొక్కి, ఆముదం పూసి మెరుస్తున్నాయి. మనిషి సన్నబడింది. నన్ను చూసిన సంతోషంతో ముఖం తుడుచుకోబోయి, చెయ్యి కంటికి తగలకుండా ఆపుకుంది.

అయ్యన్న సంచి కుట్టేది ఆపి లేచి వచ్చాడు. "ఏమప్పా సారూ, ఇంత దూరం వచ్చినావు. నీళ్లు తాగుదువు రా."

"పిల్లను తీసుకుపోవడానికి వచ్చాను. నువ్వు మాట ఇచ్చినావు."

"ఇచ్చినా సార్. లేదనను." ముఠా పెద్ద వైపు చూపించాడు. "నా చేతిలో ఏముండాది? తిరుపతమ్మని అడుగు."

తిరుపతమ్మ ఎత్తుమనిషి. ఊరి నుంచి వాళ్లందరినీ తీసుకువచ్చింది ఆమే. ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, నన్ను తలనుంచి చెప్పులదాకా చూసింది.

"పరీచ్చలు నాకు తెల్దా అయ్యోరూ? నా కొడుకూ రాసినాడు. మూడుసార్లు రాసినాడు." వెనక ఎవరో నవ్వారు. "ఈడ ఇంకో సంగతి ఉండాది. మన ఊర్లో అయితే మన మధ్యలో మనం సాలు ఇడుస్తాం. ఈడ రైతు పొద్దు కుంకేటప్పుడు గట్టు మీద నిలబడ్తాడు. చేను మధ్యలో ఎర్రగా ఒక సాలు మిగిలి కనపడిందంటే, మమ్మల్ని అందర్నీ లేపి ఇంకో ముఠాని దించుతాడు. ఇడిసేటట్ల లేదు."

"అయితే ఆమె సాలు ఇంకెవరైనా కోయవచ్చు కదా."

"కోయొచ్చు. కోస్తే ఆ పిల్ల ముఠాలో లేనట్లే. పరీచ్చ అయినంక వచ్చి నా సాలు నాకియ్యమంటే, పట్టినామె ఇస్తాదా? ఈయమ్మోళ్ల ఇంట్లో ముగ్గురు వచ్చింటే ముగ్గురి పని. రేపట్నుంచి ఇద్దరే. వచ్చే ఏడు గూడా ఇద్దరే. నేను మాత్రం ఏం చేస్తును?"

మహాదేవి తల్లిని చూసింది. సుంకులమ్మ ఇదంతా జరుగుతున్నప్పుడు కోత ఆపలేదు. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. చేతిలో ఉన్న కాయలు ఒడిలో వేసుకొని, రెండడుగులు పక్కకు జరిగి, తన సాలుకూ కూతురి సాలుకూ నడుమ నిలబడింది. కుడిచెయ్యి తన చెట్టుకు, ఎడమచెయ్యి కూతురి చెట్టుకు పోనిచ్చింది. కోయసాగింది.

"అట్ల కోస్తే నువ్వు యనకబడ్తావు సుంకులమ్మా," అంది తిరుపతమ్మ. "నీకోసం ఎవరూ ఆగరు."

"ఆగొద్దండి. నేను యనక వస్తా. పొద్దు కుంకేలోపల అయితాది."

"చీకటి పడ్తాది."

"పడనీ."

తిరుపతమ్మ గుడ్డ మళ్లీ ముఖానికి లాక్కుంది. ముఠా కదిలింది. సుంకులమ్మ తల ఎత్తకుండానే, "చూస్తాండావేంటికి? గుడ్డలు సర్దుకోపో," అంది కూతురితో.

మహాదేవి బస్సులో దారి పొడుగునా నిద్రపోయింది. నిద్రలో చేతులు ఒళ్లో తెరిచి పెట్టుకుంది.

బీగం వేసిన ఇంట్లో ఎదిగిన పిల్ల ఒంటరిగా ఉండకూడదు కనుక మహాదేవి మా ఇంట్లోనే ఉంది. అది నేను ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. బస్సు దిగి నడుస్తుంటే ఆమె నావెంటే వచ్చింది. బీబమ్మ ఇంటి నుంచి వచ్చి జ్ఞానమణి వెనకగదిలో ఇంకొక చాప పరిచింది, అంతే. మరునాడు మధ్యాహ్నం అన్నానికి ముగ్గురం కూర్చున్నాం. మేమిద్దరం తల వంచుకున్నాం. మహాదేవి చెయ్యి కంచంలో పెట్టబోయి, మమ్మల్ని చూసి ఆగింది. కాసేపు ఓపిక పట్టింది.

"ఏంటికి సార్ కాసుకోని కూర్చున్నారు? ఇంకా ఏమన్నా రావల్లనా?"

"మా అమ్మ ఇప్పుడు ప్రార్థన చెప్పేది," అంది జ్ఞానమణి.

"మరి నువ్వు చెప్పు."

"అది మా అమ్మ సాలు."

మహాదేవి చెయ్యి వెనక్కి తీసుకొని ఒళ్లో పెట్టుకొని, మాతోపాటు తల వంచి కూర్చుంది. ఆ మాట నేను కూడా అప్పుడే విన్నాను. అన్నం ఎప్పటిలాగే తిన్నాను.

పరీక్షకు ఉన్న కొద్దిరోజులూ ఫర్హానా, వీరేష్ పొద్దున్నే మా ఇంటికి వచ్చేవాళ్లు. ముందుగదిలో నా పుస్తకాల దొంతరలు గోడవారకు నెట్టి, నేల మీద నలుగురూ ఎదురెదురుగా కూర్చున్నారు. నాకు కుర్చీ పెట్టుకోవడానికి చోటు లేక గుమ్మంలో కూర్చున్నాను. మహాదేవి లేని కాలంలో జరిగిన సంధులు వీరేష్ చెప్పాడు. సమాసాలు ఫర్హానా చెప్పింది. ఛందస్సు వంతు రాగానే ముగ్గురూ కలాల మూతలు తీశారు.

"శానా దినాలయింది. నేనే మర్చిపోయినానేమో," అంది మహాదేవి.

"మర్చిపోయింటే చెప్పు," అంది ఫర్హానా. "నీకోసం మార్కులు పోగొట్టుకున్నాం. సార్ మమ్మల్ని చూసిన చూపు నువ్వు చూడలే. నాకింకా జరం తగ్గలే."

"నన్నడిగినారా పోగొట్టుకోమని?"

"నువ్వే గద ముట్టొద్దంటివి!"

"నేను ఊరికే అంటిని."

వీరేష్ నవ్వడం మొదలుపెట్టాడు. వాడిని చూసి ఫర్హానా, ఫర్హానాను చూసి తక్కిన ఇద్దరూ నవ్వారు. నవ్వు అయ్యాక మహాదేవి పద్యపాదం ఎత్తుకుంది. చరవలేకపోయింది. అరచేతుల పొక్కులు పచ్చిగా ఉన్నాయి. నోటితో చెబుతూ ఉంటే ముగ్గురూ ఆమె బదులు తమ తొడల మీద చరిచారు. తప్పితే ఆపింది. మళ్లీ మొదటికి పోయింది. మధ్యలో ఒకచోట గణం తానే తప్పుచెప్పింది. జ్ఞానమణి సరిదిద్దింది. అంటే నేను చెప్పినవి మా అమ్మాయి రాసుకోలేదు గాని, విన్నది.

తెలుగు పరీక్ష మొదటిరోజే అయిపోయింది. బయటికి వస్తూనే వీరేష్ కేంద్రం గేటు దగ్గర తొడ చరిచి చూపించాడు. రాశారని తెలిసింది. తక్కిన పరీక్షలు ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి.

ఆఖరి పరీక్ష రాసి ఇంటికి రాగానే మహాదేవి తన సంచి తెచ్చుకొని గడపలో నిలబడింది.

"ఎక్కడికమ్మా?"

"కోత ఇంకా ఉండాది సార్. అమ్మ రెండు సాళ్లలో ఉండాది గద."

ఈ పొద్దు ఉండి రేపు పొమ్మన్నాను. ఉండనంది. అప్పుడు వెనకగదిలోంచి జ్ఞానమణి వచ్చింది. ఆమె చేతిలోనూ ఒక సంచి ఉంది.

"నేనూ పోతా నాయనా."

"నువ్వెందుకు?"

"ఆమె ఈడ మాకు చెప్తాంటే, వాళ్లమ్మ ఆడ రెండు సాళ్లు కోసింది. ఫర్హానాని వాళ్లమ్మ ఇడవలే. వీరేష్ నాయనకి బాగలేదు. నేనన్నా పోవల్ల గద."

"నీకు ఆ పని రాదు."

"అలంకారాలు గూడా వచ్చేవి కాదు," అంది.

మహాదేవి నావైపు చూడకుండా చెప్పులు సరిచేసుకుంటోంది. ఇద్దరు పిల్లలను అంతదూరం ఒంటరిగా పంపలేను. ఇంటికి బీగం వేశాను. వేస్తుంటే ఎదురింటి ఆమె, "ఏమప్పా సారూ, మీరు గూడా సుగ్గికా?" అని పరిహాసం ఆడింది. అవునన్నాను.

మేము చేరేసరికి ఎండ నెత్తిమీద ఉంది. ఎర్రకాయలు కోయగా చేను చాలావరకు పచ్చబడింది. ముఠా చేను అవతలి చివరకు చేరుకుంటోంది. వాళ్ల వెనక, చాలా వెనక, ఒక్క మనిషి వంగి ఉంది. ఇటొక చెట్టు, అటొక చెట్టు. మేము గట్టున నడిచి పోతున్నంతసేపూ ఆమె నడుము ఎత్తలేదు.

తిరుపతమ్మ దూరం నుంచి కేకవేసింది. "ఏమప్పా అయ్యోరూ! ఒక పిల్లని తీస్కపోయి ఇద్దర్ని తెచ్చినావు. వడ్డీతో సహానా?"

మహాదేవి సంచి గట్టున పడేసి, ముఖానికి గుడ్డ చుట్టుకుంటూ పరుగెత్తి, తల్లి ఎడమపక్కన తన సాలులో దిగింది. సుంకులమ్మ ఆమెను చూసింది. "రాసినావా?" అంది.

"రాసినా."

సుంకులమ్మ ఎడమచెయ్యి వెనక్కి తీసుకొంది. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పక్కన వేలాడేసింది. అప్పుడు ఎదుట నిలబడ్డ జ్ఞానమణిని చూసింది.

"ఈ పిల్ల ఎవరు? సార్ బిడ్డనా?"

"నాకేది సాలు అత్తా?" అంది జ్ఞానమణి.

"నీకి సాలు యాడుంది తల్లీ? ఎవరి సాలు వాళ్లకుండాది. నీడకి పోయి కూసో."

జ్ఞానమణి పోలేదు. పట్టుదలగానూ కనిపించలేదు. నిలబడింది, అంతే. ఆ నిలబడడం నాకు తెలుసు. కొన్ని నెలలుగా మా ఇంట్లో మేమిద్దరం అలాగే నిలబడి ఉన్నాం. సుంకులమ్మ ఆమె ముఖంలోకి కొంతసేపు చూసింది. తరువాత నడుముకున్న ఒడి ముడి విప్పి, అందులోని కాయలు గోనె మీద కుమ్మరించి, వచ్చి మా అమ్మాయి నడుముకు కట్టింది. కొంగుతో ఆమె ముక్కూ నోరూ కప్పి వెనక ముడి వేసింది.

"నాది పట్టుకో. నేను చేతికిస్తాండా గద, ఇస్తే తప్పు లేదు. తొడిమతో పాటు తుంచల్ల. కన్ను మాత్రం ముట్టుకోవద్దు."

జ్ఞానమణి వంగింది. మొదటి కాయ తొడిమ లేకుండా ఊడివచ్చింది. పక్క సాలులోంచి మహాదేవి ఏదో అంది. రెండోది తొడిమతో వచ్చింది.

సుంకులమ్మ గట్టెక్కి, చిన్న తుమ్మచెట్టు నీడలో రెండు కాళ్లూ చాచి కూర్చుంది. అంతసేపు కూర్చోవడం ఆమెకు అలవాటు తప్పినట్టుంది. మాటిమాటికి లేవబోయి ఆగుతోంది. నేను ఎండలో నిలబడి ఉన్నాను. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను.

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారప్పా?" అని అడిగింది.

"ఇద్దరం."

"ఆయమ్మ పోయిందని మాదేవి చెప్పింది. ఏమయింది?"

ఊళ్లో అందరూ చూశారు కనుక ఎవరూ అడగలేదు. బంధువులకు ఎవరో చెప్పారు. నాకు చెప్పవలసిన అవసరం రాలేదు. ఎదుట ఇద్దరు పిల్లలు రెండు సాళ్లలో పక్కపక్కనే, ఒకరు కొంచెం ముందు, ఒకరు కొంచెం వెనక, పోతున్నారు.

"ఆ పొద్దు వాన పడుతోంది," అన్నాను. "బియ్యం కడిగి పెట్టింది."

"ఊఁ," అంది సుంకులమ్మ.